లావోస్ బిడ్డకు అన్నమూ కావాలి, అమ్మ పాటా కావాలి

గత నెల ఒక ఆదివారం ఆరాధన ముగిశాక ఒక సహోదరి ఫోన్ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. ఆమె కూతురు, అల్లుడు అమెరికాలో ఉంటారు. వాళ్ల పక్కింటి కుటుంబం లావోస్ నుంచి వచ్చినవాళ్లు. వారి ద్వారా ఆ దేశపు పిల్లలకు సహాయం చేసే ఒక స్వచ్ఛంద సంస్థ గురించి తెలిసి, అమ్మాయి ఆ వివరాలు తల్లికి పంపింది. "అయ్యగారూ, మనమూ కొంచెం పంపుదామా?" అని ఆ సహోదరి అడిగింది.

పక్కనే ఉన్న సంఘ పెద్ద ఒకరు వెంటనే, "మన ఊళ్లో పిల్లలకే దిక్కు లేదు, లావోస్ ఎక్కడమ్మా?" అన్నారు. ఒక యౌవనస్థుడు ఆ ఫోన్ తీసుకుని చదివి, "ఇందులో పిల్లల చదువుతో పాటు అక్కడి సంస్కృతిని కూడా కాపాడతామని ఉంది అయ్యగారూ. అది బౌద్ధుల దేశం కదా, మన కానుకలు దానికి వాడొచ్చా?" అన్నాడు.

ముగ్గురివీ న్యాయమైన మాటలే. మెట్ల మీద నిలబడి జవాబు చెప్పేవి కావు. అందుకే ఈ వారం సంపాదకీయాన్ని వాటికే కేటాయిస్తున్నాను.

ఆ దేశానికి ఏం జరిగింది?

లావోస్‌కు సముద్రం లేదు. చైనా, వియత్నాం, కంబోడియా, థాయిలాండ్, మయన్మార్ల మధ్య, మెకాంగ్ నది వెంట ఉన్న కొండల దేశం అది. విస్తీర్ణంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిపినదానికంటే కాస్త చిన్నది. జనాభా మాత్రం 75 లక్షల పైచిలుకు. మన ఒక్క హైదరాబాద్ మహానగరంలోనే అంతకంటే ఎక్కువమంది ఉన్నారు. ఆ కొద్దిమందిలోనే ప్రభుత్వం గుర్తించిన జాతులు 50. మైదానాల్లో లావో ప్రజలు, కొండల మీద ఖ్ము, హ్మోంగ్, అకా వంటి జాతులవారు ఉంటారు. 1975 డిసెంబరు 2న రాజరికం పోయి ఇప్పటి ప్రభుత్వం వచ్చింది. 2025 డిసెంబరుతో దానికి 50 ఏళ్లు నిండాయి.

ఆ మార్పుకు ముందు జరిగినది మనలో చాలామందికి తెలియదు. వియత్నాం యుద్ధం గురించి విన్నాం గానీ, 1964 నుంచి 1973 వరకు పక్కనున్న లావోస్ మీద అమెరికా విమానాలు బాంబులు కురిపించిన సంగతి ఆ రోజుల్లో అమెరికా ప్రజలకే సరిగా తెలియనివ్వలేదు. ఆ తొమ్మిదేళ్లలో 5,80,000 సార్లు విమానాలు దాడికి వెళ్లాయి. 20 లక్షల టన్నులకు పైగా బాంబులు పడ్డాయి. సగటున చూస్తే, తొమ్మిదేళ్లపాటు రాత్రింబగళ్లు ప్రతి ఎనిమిది నిమిషాలకు ఒక విమానం నిండా బాంబులు పడినట్టు.

వాటిలో ఎక్కువ నష్టం చేసినవి క్లస్టర్ బాంబులు. ఒక పెద్ద పెట్టె గాలిలోనే విచ్చుకుని వందలాది చిన్న బాంబులను చల్లుతుంది. అలాంటి చిన్న బాంబులు 27 కోట్లకు పైగా పడ్డాయని అంచనా. వాటిలో నూటికి 30 దాకా అప్పుడు పేలలేదు. అంటే దాదాపు 8 కోట్లు నేలలోనే ఉండిపోయాయి. టెన్నిస్ బంతంత ఉంటాయి. అక్కడివాళ్లు వాటిని "బాంబీ" అంటారు. యుద్ధం ముగిశాక కూడా ఇలా మిగిలిన బాంబుల వల్ల 20,000 మందికి పైగా చనిపోయారు లేదా గాయపడ్డారు. వారిలో పిల్లలు చాలామంది. బంతి అనుకుని చేతిలోకి తీసుకున్నవారు, పాత ఇనుము అమ్మితే నాలుగు డబ్బులు వస్తాయని ఏరబోయినవారు, నాన్నతో పొలం తవ్వుతున్నవారు. చలికి మంట వేసుకుంటే ఆ వేడికి నేలలోని బాంబు పేలి చనిపోయినవారు కూడా ఉన్నారు.

యుద్ధం ముగిసిన చాలా ఏళ్లకు పుట్టిన బిడ్డ ఆ యుద్ధంలోనే కాలు పోగొట్టుకుంటున్నాడు.

ఇప్పుడు ఎందుకు అడగాల్సి వచ్చింది?

2016 సెప్టెంబరులో ఒబామా లావోస్ వెళ్లారు. పదవిలో ఉండగా ఆ దేశానికి వెళ్లిన మొదటి అమెరికా అధ్యక్షుడు ఆయనే. బాంబులు తొలగించే పనికి మూడేళ్లలో 9 కోట్ల డాలర్లు ఇస్తామని ప్రకటించారు. ఆ పని కొంత ఊపందుకుంది. తర్వాత 2025 జనవరిలో అమెరికా కొత్త ప్రభుత్వం విదేశీ సహాయాన్ని ఒక్కసారిగా నిలిపివేసినప్పుడు ఆ దెబ్బ లావోస్ పొలాల్లో బాంబులు వెతికే బృందాల మీద కూడా పడింది. ఒక పెద్ద దేశం మనసు మారితే, ఇంకో దేశంలో బడికి వెళ్లే దారి ప్రమాదంగా మిగిలిపోతుందని అప్పుడు అర్థమైంది.

దీనికి తోడు ఆ దేశం అప్పుల్లో కూరుకుపోయింది. 2023 ఆరంభంలో ధరలు ఏడాదికి 40 శాతానికి పైగా పెరిగాయి. ఆ దేశపు డబ్బు కిప్ విలువ పడిపోయింది. యౌవనస్థులు పని కోసం థాయిలాండ్ దాటుతున్నారు. ఐదేళ్లలోపు పిల్లల్లో ఇంచుమించు ముగ్గురిలో ఒకరు సరైన తిండి లేక వయసుకు తగ్గ ఎత్తు పెరగలేదు. ఇదిలా ఉండగా, 2026 నవంబరు 24న లావోస్ అత్యంత వెనుకబడిన దేశాల జాబితా నుంచి బయటికి రావాలని ఐక్యరాజ్యసమితి ముందే నిర్ణయించింది. అది గౌరవమే. అయితే జాబితాలో పేరు పోతే పేద దేశాలకు ఇచ్చే కొన్ని రాయితీలూ క్రమంగా పోతాయి. ఆ కొండ గ్రామంలో బిడ్డ పళ్లెం మాత్రం జాబితాతో పాటు మారదు.

ఈ పరిస్థితిలో నిలకడగా పనిచేస్తున్న సంస్థలు కొన్ని ఉన్నాయి. రాజధాని వియంటియాన్‌లో 1997 నుంచి కోప్ అనే సంస్థ చేతులు, కాళ్లు పోయినవారికి కృత్రిమ అవయవాలు అందేలా చూస్తోంది. వంకర పాదాలతో పుట్టిన పిల్లలకు చికిత్స అందడానికి కూడా తోడ్పడుతోంది. అక్కడి ప్రదర్శనశాలలో పల్లెవాళ్లు కర్రతోను, బాంబు రేకుతోను తమకు తామే చేసుకున్న కాళ్లు ఉంటాయి. ఉత్తరాన లువాంగ్ ప్రబాంగ్ పట్టణంలో 2015లో లావో ఫ్రెండ్స్ పిల్లల ఆసుపత్రి మొదలైంది. అదే పట్టణంలో 2006 నుంచి బిగ్ బ్రదర్ మౌస్ అనే ప్రచురణ బృందం లావో భాషలో బొమ్మల పుస్తకాలు వేసి, పల్లె బడులకు తీసుకెళ్లి పంచుతోంది. పాఠ్యపుస్తకం తప్ప వేరే పుస్తకం చూడని పిల్లలు అక్కడ ఎందరో. మరొక సంస్థ, సంప్రదాయ కళల, జాతుల అధ్యయన కేంద్రం, కొండజాతుల నేత, అల్లిక, పాట వంటివాటిని భద్రపరుస్తూ, ఆ పని చేసే స్త్రీలకు న్యాయమైన ధర వచ్చేలా చూస్తోంది. ఇవి ఉదాహరణలు మాత్రమే. ఇచ్చేముందు మీరే విచారించుకోవాలి.

సంస్కృతి మన పనేనా?

ఇక ఆ యౌవనస్థుడి ప్రశ్న. దీనికి జవాబు చెప్పేముందు నా సంగతి ఒకటి చెప్పాలి.

నేను 1980లలో క్రైస్తవ హాస్టల్లో చదివినవాణ్ణి. ఏడాదికి రెండుసార్లు విదేశంలో ఉన్న మా దాతలకు ఉత్తరాలు రాసేవాళ్లం. వార్డెన్ గారు బోర్డు మీద ఇంగ్లీషులో రాస్తే అందరం దాన్నే దించేవాళ్లం. ఆ దాతల కానుక లేకపోతే నేను పదో తరగతి దాటేవాణ్ణి కాదు. ఈ మాట ఎప్పుడూ కృతజ్ఞతతోనే చెబుతాను.

అదే హాస్టల్లో తండా నుంచి వచ్చిన స్నేహితుడొకడు ఉండేవాడు. మొదటి ఏడాది వాడు నిద్రలో కూడా లంబాడీలోనే మాట్లాడేవాడు. "ఆ భాష ఇక్కడ వద్దు" అని పెద్దవాళ్లు గదమాయించేవారు. మేం పిల్లలం నవ్వేవాళ్లం. నేనూ నవ్వాను. మూడేళ్లకు వాడు మాలాగే తెలుగు మాట్లాడాడు. మంచి ఉద్యోగం సంపాదించాడు, ఇప్పుడు మనవరాలు కూడా ఉంది. ఈ మధ్య కలిసినప్పుడు ఒక మాట అన్నాడు: "మనవరాల్ని ఒళ్లో వేసుకుని మా అమ్మ పాడిన జోలపాట పాడదామనుకున్నానురా. ఒక్క ముక్క కూడా గుర్తుకు రాలేదు." వాడు ఫిర్యాదుగా అనలేదు. నాకే తల దించుకోవాలనిపించింది.

మా హాస్టల్ పెద్దలను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. వాళ్లకు తెలిసినంతలో ప్రేమతోనే పెంచారు. అన్నం పెట్టారు, అక్షరం నేర్పారు. కానీ బిడ్డను బాగుచేయడమంటే బిడ్డను తన ఇంటినుంచి వేరు చేయడమే అని అప్పట్లో చాలామంది అనుకున్నారు. అది పొరపాటు. లావోస్‌లో అదే పొరపాటు మళ్లీ జరగకూడదు. అక్కడ బడిలో చెప్పేది లావో భాషలో. హ్మోంగ్, ఖ్ము బిడ్డలు ఇంట్లో మాట్లాడేది వేరే భాష. ఒకటో తరగతిలో టీచరు మాట అర్థం కాక వెనకబడిన బిడ్డ, తెలివి లేనివాడని పేరు తెచ్చుకుని బడి మానేస్తాడు. కాబట్టి భాషను, సంస్కృతిని కాపాడే పని పిల్లల పని పక్కన ఉన్న మరో పని కాదు. అది పిల్లల పనిలోనే భాగం.

ఇందులో మన సంఘ చరిత్రకూ ఒక మంచి పేజీ ఉంది. హ్మోంగ్ ప్రజల భాషకు నేడు ప్రపంచమంతా వాడుతున్న లిపి 1951–53 మధ్య లావోస్‌లోనే తయారైంది. దాన్ని కూర్చినవారిలో స్మాలీ, బార్నీ ప్రొటెస్టెంట్ మిషనరీలు. బెర్త్రే కాథలిక్ ఫాదర్. తర్వాత యుద్ధం వచ్చి హ్మోంగ్ ప్రజలు చెల్లాచెదురైనప్పుడు, థాయిలాండ్ శరణార్థి శిబిరాల నుంచి అమెరికా, ఫ్రాన్స్ వరకు విడిపోయిన కుటుంబాలు ఆ అక్షరాలతోనే ఒకరికొకరు ఉత్తరాలు రాసుకున్నారు. క్రైస్తవులైనవారూ రాసుకున్నారు, కానివారూ రాసుకున్నారు. అక్షరం ఇచ్చినవారు ఆ తేడా పెట్టలేదు.

మన ఇంటి సంగతే చూడండి. పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు నేటికీ మన సంఘాల్లో పాడుకుంటున్నాం. అవి ఇంగ్లీషు బాణీలకు తెలుగు మాటలు అతికించినవి కావు. మన రాగాలు, మన తాళాలు. ఆయన తన సంగీతాన్ని వదిలేసి రావాల్సి వచ్చి ఉంటే తెలుగు సంఘం ఎంత పేదదై ఉండేదో ఆలోచించండి.

అయితే బౌద్ధ ఆచారాల మాటేమిటి? ఇక్కడ నిజాయితీగా ఉండాలి. లావో సంస్కృతిలో విశ్వాసం, కళ కలిసే ఉంటాయి. ఖేన్ అనే వెదురు వాద్యం ఉంది. దాని సంగీతాన్ని యునెస్కో 2017లో మానవాళి వారసత్వంగా గుర్తించింది. పెళ్లిలోనూ, పొలంలోనూ, పండుగలోనూ అది వినిపిస్తుంది. నాగ బొమ్మల నేతకు 2023లో అదే గుర్తింపు వచ్చింది. తల్లి కూతురికి మగ్గం మీద నేర్పే ఆ పనిలో లెక్క ఉంది, ఓర్పు ఉంది, ఇంటికి జీవనాధారం ఉంది. తాటాకు గ్రంథాలున్నాయి. లావోస్ జాతీయ గ్రంథాలయం జర్మనీ సహాయంతో 12,000కు పైగా అలాంటి గ్రంథాలను ఫొటోలుగా తీయించి అందరికీ అందుబాటులో పెట్టింది. వాటిలో ఎక్కువ బౌద్ధ గ్రంథాలే. వైద్యం, చట్టం, కథలు కూడా ఉన్నాయి.

నా ఉద్దేశం ఇది. పూజకు అయ్యే ఖర్చు ఇవ్వాలని ఎవరూ మనల్ని బలవంతం చేయరు. మీ మనస్సాక్షి ఒప్పుకోని పనికి ఇవ్వకండి. పుస్తకాలకు, మగ్గానికి, వాద్యం నేర్పే గురువు జీతానికి, ఆసుపత్రికి ఇవ్వండి. కానీ అన్నం పెట్టే చేతికి, "నీ పాట మానేయి" అని బిడ్డకు చెప్పే అధికారం లేదు. ఏ ఆచారం ఉంచుకోవాలి, ఏది వదలాలి అన్నది లావోస్‌లోని విశ్వాసులు వారి సంఘాల్లో ప్రార్థనతో తేల్చుకుంటారు. బొట్టు గురించి, తాళి గురించి మనం ఇన్ని తరాలుగా మాట్లాడుకుంటూనే ఉన్నాం కదా. మన తరఫున వేరే దేశంవారు తీర్పు చెబితే మనకెలా ఉండేది?

షరతు లేని చెయ్యి

ఇంకో మాట కూడా సూటిగా చెప్పాలి. లావోస్‌లో క్రైస్తవులు నూటికి ఇద్దరు కూడా లేరు. మత కార్యకలాపాలకు ప్రభుత్వ అనుమతులు కావాలి. కొన్ని గ్రామాల్లో విశ్వాసులు ఒత్తిళ్లు ఎదుర్కొన్నారు. అలాంటిచోట సహాయం వెనక మతం పేరుతో షరతు పెడితే మనకు ఇక్కడ ఏమీ కాదు. దెబ్బ ఆ ఊరి విశ్వాసి మీద పడుతుంది. డబ్బు చూపించి మార్చారన్న నింద ఎంత బాధపెడుతుందో తెలుగు క్రైస్తవులకు వేరే చెప్పనక్కర్లేదు. పదిమంది కుష్ఠరోగులు బాగుపడినప్పుడు కృతజ్ఞత చెప్పడానికి ఒక్కడే తిరిగి వచ్చాడు. మిగతా తొమ్మిదిమంది స్వస్థతను ప్రభువు వెనక్కి తీసుకోలేదు. మన సహాయానికీ అదే కొలత.

ఎలా ఇవ్వాలి?

మంచి మనసుతో ఇచ్చిన డబ్బు కూడా తప్పు చోటికి వెళ్లవచ్చు. అందుకే ఇచ్చేముందు నాలుగు సంగతులు అడగండి. ఆ సంస్థను నడిపేవారిలో లావో ప్రజలు ఎంతమంది, నిర్ణయాలు ఎవరివి? బిడ్డను తల్లిదండ్రుల దగ్గరే ఉంచి సహాయం చేస్తున్నారా, లేక అనాథాశ్రమానికి తీసుకెళ్తున్నారా? పేదరికం వల్ల మాత్రమే ఆశ్రమాలకు చేరి, అమ్మానాన్నలు బతికుండగానే అనాథలనిపించుకున్న పిల్లలను మన దగ్గరే చూశాం. బిడ్డ భాషకు వారి పనిలో చోటుందా? ఏటా లెక్కలు బయటపెడుతున్నారా? ఏడుస్తున్న పిల్లల ఫొటోలు చూపించి అడిగేవారి దగ్గర కాస్త ఆగి ఆలోచించండి. మన బిడ్డ ఫొటో అలా తిరగడం మనకు ఇష్టమా?

చట్టం విషయం కూడా తెలిసి ఉండాలి. మన దేశంలో ఉన్న వ్యక్తి బ్యాంకు ద్వారా, రిజర్వు బ్యాంకు లిబరలైజ్డ్ రెమిటెన్స్ స్కీమ్ కింద విదేశాలకు విరాళం పంపవచ్చు. ఆ పథకం వ్యక్తులకు మాత్రమే, ట్రస్టులకు కాదు. కాబట్టి సంఘం ఖాతా నుంచి కానుకల డబ్బు నేరుగా పంపవద్దు. విదేశీ విరాళాల చట్టం కింద మనకు వచ్చిన డబ్బు అసలే ముట్టుకోవద్దు. విదేశీ సంస్థకు ఇచ్చినదానికి 80జి మినహాయింపు రాదు. ముందు మీ బ్యాంకును, ఆడిటర్‌ను అడగండి. అమెరికా, ఆస్ట్రేలియా వంటి దేశాల్లో ఉన్న మన పిల్లలకు అక్కడి చట్టప్రకారం ఇవ్వడం తేలిక. వారికి ఈ విషయం చెప్పడమే మనం చేయగల పెద్ద పని కావచ్చు.

డబ్బు లేకుండా చేయగలిగినదీ ఒకటుంది. క్లస్టర్ బాంబులను నిషేధించే ఒప్పందం 2010 ఆగస్టు 1 నుంచి అమల్లో ఉంది. దాని సభ్య దేశాల మొదటి సమావేశం ఆ ఏడాది నవంబరులో వియంటియాన్‌లోనే జరిగింది. నూరుకు పైగా దేశాలు అందులో ఉన్నాయి. అమెరికా, రష్యా, చైనా లేవు. మన భారతదేశమూ లేదు. 2025 మార్చిలో లిథువేనియా అందులోనుంచి బయటికి వచ్చేసింది. మన పార్లమెంటు సభ్యులకు ఒక ఉత్తరం రాయడం, దీని గురించి సంఘంగా ప్రార్థించడం మన చేతిలో ఉన్న పనులే.

"మన పిల్లలకే లేదు" అన్న మాటకు

చివరిగా ఆ పెద్దాయన మాట. మన ఊరి పిల్లలను విడిచి లావోస్‌కు ఇవ్వాలని ఎవరూ అనరు. కానీ మనకు అంతా సమకూరాకే ఇస్తామంటే ఏ తరమూ ఇవ్వదు. యెరూషలేములోని పేదల కోసం పౌలు చందా పోగుచేసినప్పుడు ముందుకొచ్చిన మాసిదోనియ సంఘాలు తామే పేదరికంలో ఉన్నాయి. వారు ఆ యెరూషలేము పేదల ముఖం చూసినవారు కారు. ఆ చందా విషయంలో ఎవరూ వేలెత్తి చూపకుండా నమ్మకమైన సహోదరులను పౌలు దానితో పాటు పంపాడని కూడా రెండవ కొరింథీ పత్రికలో చదువుతాం. ఇవ్వడమూ, లెక్క చూపడమూ అప్పటినుంచే కలిసి ఉన్నాయి. మా హాస్టల్‌కు డబ్బు పంపిన దాతలు కూడా మా ముఖం చూడలేదు. వాళ్ల ఊళ్లోనూ పేదలు ఉండే ఉంటారు.

ఈ మాటలన్నీ మరుసటి వారం సంఘ పెద్దల సమావేశంలో చెప్పాను. ఆ సహోదరి తన ఖాతా నుంచి నెలకు 500 రూపాయలు ఇస్తానంది. కూతురు ఎంచుకున్న సంస్థ లెక్కలు ముందు చూద్దామని యౌవనస్థులు బాధ్యత తీసుకున్నారు. అందరూ అయ్యాక ఆ పెద్దాయన లేచి, "అయ్యగారూ, లావోస్ పిల్లల భాష గురించి ఇంత చెప్పారు. మన ఆదివారం బడికి తండా నుంచి పదకొండుమంది పిల్లలు వస్తున్నారు. వాళ్లతో వాళ్ల భాషలో ఒక్క పాటైనా ఎప్పుడైనా పాడించామా?" అన్నారు.

పాడించలేదు. వచ్చే ఆదివారం ఆ పిల్లల తల్లులను పిలిచి ఒక పాట నేర్పించమని అడుగుతున్నాం. ఈ రెండు పనులూ కలిపి చేయడానికి మనకు కావలసిన మనసును ప్రభువు అనుగ్రహించును గాక.